ఇసుక కుండ

చిట్టీ, ఆ కార్ల బొమ్మల కాగితం అవతల పెట్టి ఇలా నా పక్కకి జరుగు. ఇంకా దగ్గరికి రా తల్లీ, నా గొంతు ఈమధ్య మంచం దాటి పోవడం లేదు. పొద్దున్నించీ "నానమ్మా, నాకూ రిమోట్ కారు కొనమని నాన్నకి చెప్పు, నువ్వు చెబితే వింటాడు" అంటూ నా కొంగు పట్టుకుని తిరుగుతున్నావు కదా. చెబుతాను. చెప్పనని ఎవరన్నారు? కానీ ఈ ఇంట్లోకి మొదట వచ్చిన కారు సంగతి ముందు నీకు తెలియాలి. అప్పటికి నువ్వు ఉయ్యాల్లో కాళ్ళు ఆడించుకుంటున్నావు. కింద షాపులో ఆ గోడ మీద నల్ల మచ్చ ఏమిటని నువ్వు అడిగినప్పుడల్లా "పొగేలే" అని దాటేశాను. అది ఏ పొగో ఇవాళ చెబుతాను విను.

అప్పుడూ ఇంతే, కింద బైండింగ్ షాపు, పైన మన కాపురం. కాకపోతే అప్పుడు షాపంటే మీ తాతయ్య, మీ తాతయ్యంటే షాపు. ఎప్పుడు చూసినా వేళ్ళకి బంక ఆరి పొరలు కట్టి ఉండేది. అన్నం తినేముందు గోళ్ళతో గీరుకునేవారు. నేనూ ఆయన పక్కన కూర్చుని వేల పుస్తకాలు కుట్టాను గానీ, వాటిలో ఏముందో అడక్కు. నాకు పుస్తకం వీపు తెలుసు, కడుపు తెలియదు.

ఆయన పనిలో తప్పు దొర్లేది కాదు. అది మంచిదే. కానీ ఎదుటివాడి తప్పు ఆయన మర్చిపోయేవారూ కాదు. మీ నాన్న పెళ్ళికి ముందు షాపులోనే పనిచేసేవాడు. ఒకసారి కటింగ్ మిషన్ కింద కాగితాల కట్ట తిరగేసి పెట్టి, అచ్చు మీంచే కోసేశాడు. ప్రతి పేజీలోనూ వరస చివరి మాట సగానికి తెగిపోయింది. మీ తాతయ్య కొట్టలేదు, తిట్టలేదు. ఆ తర్వాత మాత్రం వాడు ఇంట్లో వంకాయ కోస్తున్నా సరే, "చూసి కొయ్యరా, అక్షరాలుంటాయి" అనేవారు. వచ్చినవాళ్ళ ముందు అనేవారు. మీ అమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆమె ముందూ అన్నారు. వాడు పోయి బస్సు డ్రైవరయ్యాడు. "బస్సయితే కొయ్యక్కర్లేదు కదమ్మా" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ రోజు నుంచి షాపు గడప లోపలికి అడుగు పెట్టలేదు. మేడ మీదికి పక్క మెట్ల మీంచే ఎక్కేవాడు.

మీ అక్క సంగతి వేరు. దానికి నడక వచ్చింది మొదలు బల్ల కిందే ఉండేది. పదకొండేళ్ళు వచ్చేసరికి దబ్బనంతో కన్నాలు పొడవడం, దారానికి మైనం రాయడం, మడిచిన అచ్చు కాగితాల ఫారాలు వరస పేర్చి కుట్టడం, అన్నీ చేసేది. ఒకరోజు తాతయ్య కుట్టిన పుస్తకం చేతిలోకి తీసుకుని, "తాతయ్యా, ఈ చివర దారం వదులుగా ఉంది" అంది. ఆయన పనికి వంక పెట్టినవాళ్ళు అప్పటిదాకా పుట్టలేదు. ఆయన పుస్తకం కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చూసి, దారం తెంపేసి, పకపకా నవ్వారు. "ఏమే, మనకి మేస్త్రీ వచ్చిందే!" అన్నారు. అంతే, ఆ రోజు నుంచి అది ఆయనకి మేస్త్రీ.

ఆ ఎండాకాలం సెలవుల ముందు లైబ్రరీ నుంచి చిరిగిన పిల్లల కథల పుస్తకాలు బస్తాతో వచ్చాయి. మీ తాతయ్య ఆ బస్తా తీసుకెళ్ళి మీ అక్క ముందు పెట్టారు. "ఇవన్నీ నీ చేతుల మీదుగా వెళ్ళాలి మేస్త్రీ. నేను సూది ముట్టను" అన్నారు. అది రోజూ కూర్చుని కుట్టింది. వేళ్ళు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని కుట్టింది. చివరి పుస్తకం దారం ముడి వేశాక, "ఏం కావాలో కోరుకో" అన్నారు మీ తాతయ్య.

"రిమోట్ కారు" అంది తడుముకోకుండా.

"బస్సు డ్రైవర్ కూతురు కారు అడక్క విమానం అడుగుతుందా?" అన్నాను నేను.

మర్నాడే బయల్దేరాం. గొడుగు పట్టడానికి ఓ మనిషి కావాలి కాబట్టి నేనూ వెళ్ళాను. ఆ రిమోట్ కార్ల షాపు నడిపేది ఓ కళ్ళజోడు అమ్మాయి. కారు చూపించే ముందే మీ అక్కని కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది, పెళ్ళిచూపుల్లో లాగా.

"ఎక్కడ తిప్పుతావు? నున్నటి నేల మీదా, బయటా?"

"మా వీధిలో అక్కా. సగం సిమెంటు, సగం గుంటలు."

"అయితే కింద కాస్త ఎత్తుగా, చక్రాలు పెద్దగా ఉన్నది తీసుకో. నేలకి అంటుకుపోయే రేసు కార్లు చూడ్డానికే బాగుంటాయి, నీ గుంటలో దిగితే మళ్ళీ లేవవు."

"విరిగిపోతుందా?"

"విరుగుతుంది. అందరికీ విరుగుతుంది. అందుకే విడి భాగాలు దొరికే కారు కొనాలి. ఈ మూసేసిన బొమ్మలున్నాయే, లోపల ఒక్క పళ్ళచక్రం అరిగితే మొత్తం చెత్తబుట్టలోకే."

మీ తాతయ్యకి ఆ మాట నచ్చింది. "అదీ మాటంటే. విప్పి మళ్ళీ కుట్టుకోగలిగితేనే పుస్తకం" అన్నారు. నీలం రంగుది ఒకటి తీసి తలకిందులు చేసి, మరలన్నీ వేలితో తడిమి చూసి, పెళ్ళికొడుకు తరఫువాళ్ళలా తల ఊపారు.

ఇక బ్యాటరీ. ఆ అమ్మాయి రెండు రకాలు బల్ల మీద పెట్టింది. ఒకటి లావుపాటి కడ్డీలు కట్ట కట్టినట్టు ఉంది, బరువు. రెండోది చిన్న ఇటుక ముక్కలా ఉంది, తేలిక.

"ఇది నికెల్ బ్యాటరీ. కాస్త మొద్దు. నెమ్మదిగా పోతుంది, కానీ దానికి ఓర్పు ఎక్కువ. ఇది లిపో. చురుకు ఎక్కువ, కోపమూ ఎక్కువే. మొదటి కారుకి మొద్దుదే మంచిది తాతగారూ."

"మా మేస్త్రీకి మొద్దు సరుకు కడతావా అమ్మాయ్? చురుకుదే ఇయ్యి."

"ఒక్క ఏడాది ఇది వాడి, తర్వాత..."

"మా చేతుల్లో పడ్డ వస్తువు చెడిపోయి బయటికి పోవడమన్నది ఇంతవరకూ లేదు" అన్నారు మీ తాతయ్య. ఆ మాటన్నప్పుడు ఆయన మొహం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

ఆ అమ్మాయి ఇక వాదించలేదు. మీ అక్క వైపు తిరిగి ఒక్కొక్కటే చెప్పింది. దీని ఛార్జర్‌తో తప్ప వేరే దాంతో ఛార్జి చెయ్యొద్దు. పరుపు మీదా, చెక్క మీదా, కాగితాల దగ్గరా పెట్టొద్దు, రాతి మీద పెట్టు. ఛార్జి అవుతున్నంతసేపూ మనిషి పక్కనుండాలి, పెట్టి నిద్రపోవడం, బజారుకి పోవడం కుదరదు. ఆడి రాగానే వేడిగా ఉంటుంది, చల్లారనివ్వు. కారు నీరసపడిందంటే ఆపెయ్యి, పీల్చి పిప్పి చెయ్యొద్దు. ఆడనన్నాళ్ళూ సగం ఛార్జితో ఉంచు. రిమోట్ మీద ఓ చిన్న మీట చూపించి, "వేగం సగం దగ్గర పెట్టాను. చెయ్యి అలవాటయ్యేదాకా జరపకు" అంది.

మీ తాతయ్య కాసేపు విన్నారు. ఈలోగా కారుతో ఇచ్చిన చిన్న పుస్తకం చేతికొచ్చింది. ఇక అంతే. దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, "రెండు పిన్నులు కొట్టి దీన్ని పుస్తకం అంటారా? చూడవే, పాపం నడుం విరిగి ఎలా మూలుగుతోందో!" అని నాకు చూపించడం మొదలుపెట్టారు. నేనూ నవ్వుతూ చూశాను. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి ఆఖరి మాట చెప్పింది. "ఉబ్బిందనుకో, ఇక దాన్ని ఛార్జి పెట్టకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. పొడి ఇసుకలో పెట్టి ఆరుబయట ఉంచి నాకు ఫోన్ చెయ్యి. నేను చూసుకుంటాను." మీ అక్క ఆ మాటని పెదాలతో తిరిగి చెప్పుకుంది. మా ఇద్దరి చెవులూ ఆ పిన్నుల దగ్గరే ఉండిపోయాయి.

ఇంటికొచ్చాక అది మమ్మల్ని కాల్చుకు తిన్నదంటే నమ్ము. పెరట్లో బట్టలుతికే బండ మీద తప్ప ఛార్జి పెట్టనిచ్చేది కాదు. పాత కుండ ఒకటి వెతికి, ఇసుక ఎండబెట్టి పోసి, బండ పక్కన పెట్టుకుంది. నన్ను పట్టుకొచ్చి కూర్చోబెట్టి, "నానమ్మా, నేను అన్నం తినొస్తా, కదలకు" అనేది.

"పొయ్యి మీద పాలున్నాయే!"

"పాలు పొంగితే తుడుచుకోవచ్చు. కదలకు."

పెళ్ళిపీటల మీద కూడా నేను అంత కుదురుగా కూర్చోలేదు. మీ నాన్న డ్యూటీ దిగి వచ్చి చూసి, "తల్లీ, నా బస్సుక్కూడా ఇన్ని రూల్సు లేవు" అనేవాడు. మీ తాతయ్య కారు నెత్తిన దారం ఉండ పెట్టి, "మేస్త్రీ, సరుకు పంపు" అనేవారు. కారు బుర్రుమంటూ ఈ బల్ల దగ్గర్నించి ఆ బల్ల దగ్గరికి పోయేది. ఆయన అంతలా నవ్వగా నేను కాపురానికొచ్చాక చూడలేదు.

ఆ నవ్వులు ఎన్నాళ్ళో లేవు.

పక్కింటి కవల పిల్లలుండేవాళ్ళు, నోటి దురుసు. "మీ కారు మా ముత్తవ్వలా నడుస్తోందే" అని రోజూ ఏడిపించేవాళ్ళు. ఒకరోజు మీ అక్కకి రోషం వచ్చింది. షాపులోంచి అట్ట పలకలు తెచ్చి ఏటవాలుగా పేర్చి, రిమోట్ మీద ఆ చిన్న మీట చివరంటా జరిపింది. కారు గాల్లోకి లేచి, వెళ్ళి గేటు ఇనప స్తంభానికి గుద్దుకుంది. చక్రం ఒకటి వంకరపోయింది. బ్యాటరీ మూల సొట్టపడింది. వెంటనే తీగ లాగేసి బండ మీద పెట్టింది. మధ్యాహ్నానికి అది ఉబ్బింది.

నేను షాపులో ఫారాలు మడుస్తున్నాను. అది లోపలికి వచ్చి తాతయ్య ముందు నిలబడింది.

"తాతయ్యా, మీట జరిపాను."

"జరిపితే?"

"గుద్దుకుంది. బ్యాటరీ ఉబ్బింది. కుండలో ఇసుకలో పెట్టాను. షాపక్క దగ్గరికి తీసుకెళ్ళాలి. నాన్న వచ్చాక నేనే చెప్తా."

"ఎంత ఉబ్బిందేం?"

రెండు వేళ్ళ మధ్య చూపించింది.

"ఓస్, అంతేనా! వానలో తడిసిన డిక్షనరీలు దీనికి పదింతలు ఉబ్బి వచ్చేవి నా దగ్గరికి."

"దాన్ని ముట్టుకోకు తాతయ్యా."

"సరేలే మేస్త్రీ. పైకెళ్ళి అన్నం తిను. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో."

అది పైకి వెళ్ళింది. నేను డాబా మీద ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్ళాను. ఆ తర్వాత కింద జరిగింది నాకు తెలిసింది ఎన్నో రోజులకి. కానీ నిన్ను తికమక పెట్టడం ఎందుకు, వరసలోనే చెబుతాను.

మీ తాతయ్య పెరట్లోకి వెళ్ళి కుండలోంచి ఆ బ్యాటరీ తీశారు. రెండు అట్ట పలకల మధ్య పెట్టి, పుస్తకాలు బిగించే చిన్న ప్రెస్సులో ఉంచి, చక్రం తిప్పారు. ఉబ్బిన వస్తువు ఏదైనా ఆయనకి తెలిసిన మందు అదొక్కటే. తడిసిన పుస్తకం, వంకరపోయిన అట్ట, బుడగలెత్తిన క్యాలికో అట్టగుడ్డ, జీవితమంతా వాటిని ప్రెస్సులో బిగించి నున్నగా చేసి ఇచ్చిన మనిషి. పిల్లకి మీ నాన్న దగ్గర తిట్లు పడకుండా, అది అన్నం తిని దిగేసరికి సరిచేసి చేతిలో పెడదామనుకున్నారు. ప్రేమతోనే తిప్పారు చిట్టీ ఆ చక్రం. అదే కదా బాధ.

నాకు వినిపించింది కుక్కర్ ఈల లాంటి చప్పుడు. డాబా అంచు నుంచి చూస్తే షాపు తలుపులోంచి తెల్లటి పొగ, దాని వెనకే మంట. మీ అమ్మ ఆస్పత్రిలో నర్సు కదా, ఆ వేళకి ఇంట్లో ఉండబట్టి బతికిపోయాం. ఉయ్యాల్లోంచి నిన్ను ఎత్తి నా చేతుల్లో పడేసి, మెయిన్ స్విచ్ కట్టేసి, తడిగుడ్డ మొహానికి చుట్టుకుని లోపలికి దూరి మీ తాతయ్యని బయటికి లాగింది. ఆయన కాలుతున్న ప్రెస్సు చక్రం వెనక్కి తిప్పుతూ అక్కడే నిలబడి ఉన్నారట. అరచేతి తోలు ఊడి వచ్చింది. వీధి వీధంతా బిందెలతో, బకెట్లతో, ఇసుకతో పరిగెత్తుకొచ్చింది. ఇల్లు దక్కింది. గోడ నల్లబడింది, కాగితం కట్టలు పోయాయి. ప్రెస్సు పక్కన లేబుళ్ళు అంటించడానికి పేర్చి పెట్టిన పుస్తకాలు పోయాయి. మీ అక్క బొబ్బలెక్కిన వేళ్ళతో కుట్టిన పుస్తకాలు.

మీ నాన్న డ్యూటీ బట్టలతోనే పరిగెత్తుకుంటూ వచ్చాడు. వీధిలో అందరి మధ్యా నిలబడి, "ఎలా అంటుకుంది?" అన్నాడు.

మీ తాతయ్య నోరు తెరిచారు.

"నేనే నాన్నా" అంది మీ అక్క. "మీట నేనే జరిపాను. నా బ్యాటరీయే."

తాతయ్య నోరు తెరుచుకోవడం నేను చూశాను. మూసుకోవడం కూడా చూశాను. ఊపిరాడక అనుకున్నాను.

"అడిగిందల్లా కొనిచ్చారు" అన్నాడు మీ నాన్న ఆయనతో. కూతురి వైపు తిరిగి, "ఇక నువ్వు షాపులో అడుగు పెట్టొద్దు" అన్నాడు. కారు అటక మీదికి పోయింది.

ఆ పైన ఇల్లు ఇల్లులా లేదు. మీ అక్క పక్క మెట్ల మీద కూర్చునేది, మీ నాన్నలాగే షాపు గడప దాటకుండా. కింద సుత్తి చప్పుడు వినిపిస్తే మోకాళ్ళ మధ్య తల పెట్టుకునేది. అన్నానికి పిలిస్తే వచ్చేది, తినేది, వెళ్ళేది. మీ అమ్మ తాతయ్య చేతికి కట్టు మారుస్తూ, "మంటగా ఉందా మావయ్యగారూ?" అంటే, "లేదమ్మా" అని గోడ వైపు చూసేవారు. మేస్త్రీ అన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. "పాపా" అనేవారు. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఆయన పాపా అని పిలిచింది అప్పుడే.

ఓ రోజు ప్రెస్సుకి పట్టిన మసి కడుగుతున్నాను. కింది ఇనప పలకకి ఏదో కరుచుకుని ఉంది. కత్తితో గీరితే వెండి కాగితంలా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కింద ఓ పొర, పై పలకకి ఓ పొర. కాసేపు నాకు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పొర చేత్తో పట్టుకుని లేచాను.

మీ తాతయ్య బల్ల దగ్గర ఎడమ చేత్తో కాగితాలు సర్దుతున్నారు.

"ఏమండీ, ఇది కుండలోంచి ఈ ప్రెస్సులోకి నడిచి వచ్చిందా?"

ఆయన కాగితాల అంచులు బల్లకేసి తట్టారు.

"మిమ్మల్నే."

"చెబుతాను" అన్నారు.

"ఎప్పుడు?"

"రోజూ అనుకుంటున్నాను. పొద్దున లేవగానే అనుకుంటాను. ఆ పిల్ల మొహం చూడగానే మాట మార్చేస్తాను. వాళ్ళ నాన్నకి చెబుదామంటే... కటింగ్ మిషన్ సంగతి ఇన్నేళ్ళు నమిలి నమిలి వాడి మొహాన ఊశానే. ఇప్పుడు ఏ నోటితో చెప్పను?"

"ఉన్నది ఒకటే నోరు. దాంతోనే చెప్పాలి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

"వద్దే. అదొక్కటీ నన్నే చెప్పనియ్యి" అన్నారు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లాడిలా.

సరేనన్నాను. రోజులు గడిచాయి. చెప్పలేదు.

ఇంతలో లైబ్రరీ మేడమ్ వచ్చింది. మంచి మనిషి. నల్లబడ్డ గోడ చూసి అయ్యో అయ్యో అంటూ కూర్చుంది. గుమ్మం బయట మెట్ల మీంచి మీ అక్క లేచి వచ్చింది. మీ నాన్న మాట దాటకుండా గడప బయటే నిలబడి, "మీ పుస్తకాలు నా వల్లే కాలిపోయాయండీ" అంది.

"నీ వల్లా? ఎలాగమ్మా?"

"నా కారు బ్యాటరీ వల్ల."

అని ఒక్కసారి తాతయ్య వైపు చూసింది. ఒక్కసారే. ఆయన దారం ఉండ చుడుతున్నారు. చుట్టిన ఉండనే మళ్ళీ మళ్ళీ చుడుతున్నారు.

"పోనీలే తల్లీ, చిన్నపిల్లవి, కావాలని చేశావా ఏమిటి" అంది ఆవిడ. నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆయనకి ఎలా గుచ్చుకుందో ఆయనకే తెలియాలి.

ఆవిడ వెళ్ళాక మీ అక్క పెరట్లోకి పోయింది. ఆ కుండ ఇంకా బండ పక్కనే ఉంది. ఇసుక గుప్పిట్లోకి తీసుకుని వదులుతోంది. మీ తాతయ్య లేచి, ముక్కాలిపీట పట్టుకుని వెళ్ళి, దాని పక్కన వేసుకుని కూర్చున్నారు. నేను పంపు దగ్గర బంక బ్రష్షులు కడుగుతున్నాను. కుళాయి కట్టేశాను.

"పాపా. ఆ బ్యాటరీ నేను తీశాను. ప్రెస్సులో పెట్టి బిగించాను."

ఇసుక జారుతూనే ఉంది.

"తెలుసు" అంది.

"ఎప్పటినుంచి?"

"ఆ రోజే. కుండ అంచుకి బంక అంటుకుని ఉంది."

ఆయన తన వేళ్ళ వంక చూసుకున్నారు.

"మరి మీ నాన్నతో చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని చూశాను."

"ఇన్నాళ్ళూనా?"

"ఊఁ. రోజూ."

ఏడవలేదు చిట్టీ అది. నిష్ఠూరంగా కూడా అనలేదు. చేతులు దులుపుకుని, "తాతయ్యా, కట్టు జారిపోయింది" అని ఆయన చేతి గుడ్డ సరిచేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన ఆ కుండ ముందు చాలాసేపు కూర్చున్నారు. నేను కడిగిన బ్రష్షులే మళ్ళీ కడిగాను.

ఆ పూట అందరం భోజనానికి కూర్చున్నాం. మీ తాతయ్య ముద్ద కలపలేదు.

"ఒరేయ్. షాపు తగలబెట్టింది పిల్ల కాదు, నేను. అది ముట్టుకోవద్దని చెప్పి మరీ వెళ్ళింది. నేను తీసి ప్రెస్సులో బిగించాను. దాని నెత్తిన వేసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

మీ అమ్మ గరిటె గాల్లోనే ఆగిపోయింది. మీ నాన్న తండ్రిని చూశాడు, కూతుర్ని చూశాడు. మాకందరికీ తెలుసు ఇప్పుడు వాడు ఏమంటాడో. "అక్షరాలుంటాయి" అన్న ఎత్తిపొడుపుకి బదులుగా పన్నెండేళ్ళుగా వాడి దగ్గర నిలవ ఉన్న మాట అది. అనే హక్కూ ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను.

వాడు ఏమీ అనలేదు. కూతురి తల మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత తండ్రి వైపు తిరిగి, "చెయ్యి ఎలా ఉంది నాన్నా?" అన్నాడు.

"అనరా" అన్నారు ఆయన. "ఒక్కసారి అనెయ్యి."

"ఏమనాలి?"

"నీకు తెలుసు."

"అన్నం చల్లారిపోతోంది, తినండి" అని గ్లాసులో నీళ్ళు పోసి ఆయన ముందుకి జరిపాడు.

మర్నాడు వారపు సెలవు. మీ నాన్న పక్క మెట్లు దిగి, తిన్నగా షాపు గడప దాటి లోపలికి వచ్చాడు. కటింగ్ మిషన్ మీద మసి తుడిచి, లైబ్రరీ మేడమ్ ముందురోజు ఇచ్చి వెళ్ళిన కొత్త బస్తా విప్పి, కాగితాల కట్ట మిషన్ కింద పెట్టాడు. మీ తాతయ్య పెదవులు కదిలాయి. ఏ మాట వస్తుందోనని నేను హడలిపోయాను. ఆయన కట్ట వైపు చూడకుండా కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. మీ నాన్న కోసిన అంచు నున్నగా, వెన్నలా వచ్చింది. చేయి ఏదీ మర్చిపోలేదు. ఇప్పుడు వాడు సెలవు వస్తే ఎక్కడుంటాడో నీకు తెలుసుగా.

మీ అక్క కూడా బల్ల దగ్గరికి వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది, పిలిస్తే కాదు, తనంతట తనే. కారు అటక మీంచి దిగింది. కార్ల షాపు అమ్మాయి జరిగిందంతా విని, తిట్టకుండా, వంకర చక్రం మార్చి, ఆ లావు బ్యాటరీయే కట్టి ఇచ్చింది. మీ తాతయ్య ఈసారి పక్కన చేతులు కట్టుకుని నిలబడి ప్రతి మాటా విన్నారు. పుస్తకం చేతికిస్తే తీసుకోలేదు.

కానీ చిట్టీ, కొన్ని ప్రెస్సులో పెట్టినా చదును కావు. ఆ రోజు నుంచి ఆయన ప్రెస్సు చక్రం మీద చెయ్యి వేసిన ప్రతిసారీ ఆగి, "బిగించనా మేస్త్రీ?" అని అడిగేవారు. అది తల ఊపితేనే తిప్పేవారు. అది స్కూలుకి వెళ్ళిన రోజుల్లో పుస్తకాలు పేర్చి సాయంత్రం దాకా కాచుకునేవారు. "ఎందుకు తాతయ్యా ప్రతిసారీ?" అని అది విసుక్కున్నా మానలేదు. మీ నాన్న ఆ మాట అనేసి ఉంటే కాస్త తేలికపడేవారేమో. వాడు అనలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ అనలేదు. గోడకి సున్నం వేయించినప్పుడు కూడా ఆ మచ్చ మీద వెయ్యనివ్వలేదు మీ తాతయ్య. "ఉండనీ, నాకు కనబడాలి" అన్నారు.

అదుగో, కింద సుత్తి చప్పుడు వినిపిస్తోందా? మీ అక్కే. పుస్తకానికి వీపు గుండ్రం చేస్తోంది.

మీ నాన్నకి చెబుతానులే, కొనిస్తాడు. మొద్దు బ్యాటరీదే అడుగు. రాతి మీదే ఛార్జి పెట్టు, నేను కాపలా కూర్చుంటా, పాలు పొంగితే పొంగనీ. ఆ కుండ పెరట్లో ఇంకా ఉంది, ఇసుక మార్చుకో. ఇంకొక్కటి నా కోసం చెయ్యి. నీ తర్వాత ఈ ఇంట్లో ఎవరు కారు అడిగినా, కొనేముందు వాళ్ళని ఆ మచ్చ కింద కూర్చోబెట్టి ఇదంతా చెప్పు. నా అంత బాగా చెప్పలేకపోయినా ఫరవాలేదు. తాతయ్య దాచారని చెప్పు, తాతయ్య చెప్పారని కూడా చెప్పు. రెండూ చెప్పాలి సుమా. ఆయన మీద ప్రేమకొద్దీ మొదటిది వదిలెయ్యకు.